ఛత్తా బజార్‌లో శుభలేఖలు అచ్చు వేయించిన అనుభవం

హైదరాబాద్ పాతబస్తీలో సాలార్‌జంగ్ మ్యూజియానికి దగ్గరలో ఉన్న ఛత్తా బజార్ ఒకప్పుడు ఉర్దూ ఖుష్‌నవీసులకు (అందమైన చేతిరాతతో రాసే లేఖకులకు), వారి చేతిరాతను అచ్చొత్తే ప్రెస్సులకు పేరుపడిన వీధి. ఇప్పుడు అక్కడ ప్రధాన వ్యాపారం పెళ్లి కార్డులది. ఒకే బల్ల మీద నిఖా రుఖాలు (ముస్లింల పెళ్లి పిలుపు కార్డులు), చర్చి పెళ్లి కార్డులు, వినాయకుడి బొమ్మ ఉన్న మన శుభలేఖలు పక్కపక్కన పరిచి ఉంటాయి. వైశాఖ మాసంలో జరిగే మా అమ్మాయి పెళ్లికి శుభలేఖలు అక్కడే వేయించాము. కార్డుల దుకాణాన్ని దాని ఆల్బమ్‌ను బట్టి కాకుండా, అక్కడ కంప్యూటర్ ముందు కూర్చుని తెలుగు టైపు చేసే మనిషిని బట్టి ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

నమూనాలకు లోటేమీ లేదు. లేజర్‌తో కత్తిరించిన గణపతి బొమ్మలు, వెల్వెట్ అట్ట పెట్టెలు, మడతలు విప్పితే మండపం లేచి నిలబడేవి, ఇలా ఎన్నో చూపించారు. మేము 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) ఐవరీ బోర్డు మీద లేత పసుపు రంగు కార్డు తీసుకున్నాము. మెరిసే మెటాలిక్ కాగితం, లామినేషన్ చేసిన కార్డు చూడటానికి గొప్పగానే ఉంటాయి కానీ, తడిపిన పసుపును నాలుగు మూలలా అద్దితే వాటికి అంటుకోదు, ఆరగానే పొడిగా రాలిపోతుంది. పసుపు అద్దకుండా శుభలేఖ పంచే అలవాటు మా ఇళ్లలో లేదు కాబట్టి, దుకాణదారుణ్ణి అడిగి వేస్టు ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకుని, పసుపు అద్ది చూసిన తరువాతే కాగితం ఖాయం చేసుకున్నాము. ఆయన ఆ ముక్క ఇవ్వడానికి ఏమాత్రం విసుక్కోలేదు.

ధర విషయంలో ముందే తేల్చుకోవలసినది ఒకటుంది. ఆల్బమ్‌లో కార్డు వెనక రాసి ఉండేది ఖాళీ కార్డు ధర మాత్రమే. అచ్చు కూలి వేరు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ (రంగు దిగే జాలీ తెర) కట్టాలి కాబట్టి, కుంకుమ రంగు అక్షరాలకు తోడు బంగారు రంగు శీర్షిక కావాలంటే కూలి పెరుగుతుంది. మా దుకాణంలో ఇవన్నీ చీటీ మీద విడివిడిగా రాసి ఇచ్చారు, చివరి బిల్లు ఆ చీటీకి సరిపోయింది.

ఇక టైపు సంగతి. చాలా దుకాణాల్లో ఇప్పటికీ ‘అను’ అనే పాతకాలపు తెలుగు ఫాంట్లతోనే పని నడుస్తుంది. మనం వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్‌లో, అంటే ఫోన్లన్నీ చదవగలిగే ఉమ్మడి అక్షర సంకేతాల్లో ఉంటుంది, దాన్ని మార్చుకునేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. ‘ఐశ్వర్య’లో యావత్తు, ‘లక్ష్మి’లో మావత్తు తప్పిపోవడానికి ఎక్కువగా కారణం ఇదే. మాకు దొరికిన టైపిస్టు మార్పిడిని నమ్మకుండా, మేము కాగితం మీద రాసిచ్చిన ప్రతిని ఎదురుగా పెట్టుకుని మొత్తం మళ్లీ కొట్టారు. పెళ్లికూతురి తాతగారి పేరులో ‘జ్ఞ’ దగ్గర ఆగి, అది జ్ఞానయ్యా లేక గ్నానయ్యా అని అడిగి తెలుసుకున్నారు. అంతటి శ్రద్ధ గల మనిషి కూడా పాత ఫైలు మీదే కొత్త శుభలేఖ కూర్చడంతో, మొదటి ప్రూఫులో (అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి ఇచ్చే ప్రతిలో) ‘విశ్వావసు నామ సంవత్సర’ అని ఉండిపోయింది. మేము ఆర్డరు ఇచ్చినది ఉగాదికి ముందు, పెళ్లి ఉగాది తరువాత. 2026 మార్చి 19 నుంచి పరాభవ నామ సంవత్సరం కనుక అలా మార్పించాము. మాఘ, ఫాల్గుణాల్లో ఆర్డరిచ్చి వైశాఖంలో పెళ్లి చేసే ప్రతి కుటుంబమూ ఆ పంక్తిని రెండుసార్లు చదువుకోవాలి.

ముహూర్తం పంక్తి దగ్గర ఆయన ఇచ్చిన సలహా మాకు నిజంగా మేలు చేసింది. మాది అర్ధరాత్రి దాటిన ముహూర్తం. పంచాంగం ప్రకారం సూర్యోదయం వరకూ బుధవారమే, ఇంగ్లీషు తేదీ మాత్రం పన్నెండు దాటగానే మారిపోతుంది. తేదీ ఒక్కటే వేస్తే బంధువులు ఒక రోజు ఆలస్యంగా దిగే ప్రమాదం ఉంది. అందుకని ‘బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం’ అని స్పష్టంగా వేసి, భోజనాల వేళను కూడా బుధవారం సాయంత్రం అని విడి పంక్తిలో చూపించారు. మాకు పురోహితులు రాసిచ్చిన లగ్నపత్రికలో ఈ వివరణ లేదు, శుభలేఖ కూర్చిన ఆయనే చేర్చారు.

లోపాలూ చెప్పాలి. కల్యాణ మండపం దారి చూపే క్యూఆర్ కోడ్‌ను వెనక వైపు ముదురు ఎరుపు మీద బంగారు రంగులో అచ్చు వేశారు. చాలా ఫోన్లు దాన్ని చదవలేకపోయాయి. తెల్లని గడిలో నల్లగా వేసి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు. ప్రూఫుగా ఫోన్‌కు పంపిన బొమ్మలో కోడ్ బాగానే పనిచేసింది కాబట్టి, అసలు కాగితం మీద అచ్చైన ఒక్క కార్డు చూపించిన తరువాతే మిగతావి వేసే పద్ధతి ఆ దుకాణం పెట్టుకోవాలి. కొన్ని కార్డుల్లో రంగు పూర్తిగా ఆరకముందే మడిచినందువల్ల ఎదుటి పేజీకి మరకలు అంటుకున్నాయి. వాటిని చూపించగానే వాదించకుండా మార్చి ఇచ్చారు, కానీ అందుకు మరో రోజు తిరగవలసి వచ్చింది. మూఢం ముగిసి ముహూర్తాలు మొదలయ్యే వేళ ప్రెస్సులన్నీ కిటకిటలాడతాయి కాబట్టి, చెప్పిన గడువుకు వారం రోజులు కలుపుకుని లెక్క వేసుకోవడం మంచిది.

కవర్లు కార్డుల సంఖ్యకు సరిపడా మాత్రమే ఇస్తారు. పేర్లు రాసేటప్పుడు తప్పులు పోతాయి గనుక అదనపు కవర్లను ఆర్డరు రోజే అడగాలి, తరువాత అదే రంగు దొరకడం కష్టం. నగరంలోని ఏసీ షోరూములలో కూర్చోబెట్టి చూపించే మర్యాద, వాహనం నిలుపుకునే చోటు ఛత్తా బజార్‌లో దొరకవు. తెలుగు అక్షరం తప్పు పోకూడదని కోరుకునేవారు, ప్రూఫును సొంత కళ్లతో కాగితం మీద చదువుకునే ఓపిక ఉన్నవారు ఇక్కడికి నిస్సంకోచంగా వెళ్లవచ్చు. మా అబ్బాయి పెళ్లికి కూడా అదే టైపిస్టు దగ్గరికి వెళ్తాము.