సముద్రపక్షుల గుర్తింపులో మెర్లిన్ యాప్ ఎంతవరకు తోడు వస్తుంది?

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన పక్షిశాస్త్ర ప్రయోగశాల 2014లో విడుదల చేసిన మెర్లిన్ బర్డ్ ఐడీ యాప్‌ను పక్షులను చూసే అలవాటున్నవారు విరివిగా వాడుతున్నారు. ఇది ఉచితంగానే దొరుకుతుంది. తోటలోని పిట్టకు పేరు చెప్పడంలో దాని సామర్థ్యం గురించి కొత్తగా చెప్పవలసింది లేదు కనుక, సముద్రపక్షుల విషయంలో అది ఎంత పనికివస్తుందన్నదే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

ఫొటో లేనప్పుడు యాప్ ఐదు ప్రశ్నలు వేస్తుంది: పక్షిని ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు, అది ఎంత పెద్దది, ఏ రంగులున్నాయి, ఏం చేస్తోంది. మొదటి రెండు ప్రశ్నలే దీనికి ప్రాణం. లక్షలాది పరిశీలకులు ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేసిన వివరాల ఆధారంగా, ఆ చోట ఆ కాలంలో కనిపించే అవకాశమున్న జాతులను మాత్రమే అది మన ముందుంచుతుంది. పరిమాణం దగ్గరకు వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. పిచ్చుకతోనో కాకితోనో పోల్చి చెప్పమంటుంది గానీ, పోల్చుకోవడానికి చెట్టూ కొమ్మా లేని నీటిపై పక్షి ఎంత దూరాన ఉందో తెలియనప్పుడు ఎంత పెద్దదో చెప్పడం అనుభవజ్ఞులకూ కష్టమే. రంగులు కూడా ఎదురెండలో నలుపు, తెలుపు, బూడిదలుగానే తోస్తాయి.

నాకు అన్నిటికన్నా పెద్ద లోటుగా తోచినది ఐదో ప్రశ్న. ఈదుతోంది, ఎగురుతోంది అన్నంత స్థూలమైన ఎంపికలే అందులో ఉన్నాయి, కానీ సముద్రపక్షిని పట్టిచ్చేది ఎగిరే తీరే. షియర్‌వాటర్ రెక్కలను బిగబట్టి, ఒకసారి ఈ పక్కకూ ఒకసారి ఆ పక్కకూ ఒరుగుతూ అలల అంచున జారిపోతుంది. విల్సన్స్ స్టార్మ్ పెట్రెల్ రెక్కలు పైకెత్తి, కాళ్లను నీటిపై తపతప ఆనిస్తూ ఆహారం ఏరుకుంటుంది. స్కువా చేప పట్టిన టెర్న్‌ను వెంటాడి, అది నోటిలోది వదిలేదాకా విడవదు. ఈ మూడింటినీ ‘ఎగురుతోంది’ అన్న ఒకే ఎంపికలో వేస్తే, పరిశీలకుడు కళ్లారా చూసిన అసలైన ఆధారం యాప్‌కు చేరకుండానే పోతుంది.

స్పష్టమైన ఫొటో ఉంటే పరిస్థితి చాలా మెరుగు. అయినా సూటీ టెర్న్, బ్రైడిల్డ్ టెర్న్ జంటను ఉదాహరణగా తీసుకోండి. రెండింటికీ వీపు ముదురు, పొట్ట తెలుపు, నుదుటిపై తెల్లని మచ్చ. సూటీలో ఆ మచ్చ వెడల్పుగా ఉండి కంటి దగ్గర ఆగిపోతుంది. బ్రైడిల్డ్‌లో సన్నగా కనుబొమలా కంటిని దాటి వెనక్కి సాగుతుంది. ఫొటోలో తల సరిగా పడకపోతే ఏ యాప్‌కైనా ఈ తేడా దొరకదు, అలవాట్లు మాత్రం అప్పుడూ ఆదుకుంటాయి. తేలుతున్న దుంగ మీదో నాచు మీదో తీరిగ్గా కూర్చున్నది బ్రైడిల్డ్ అయ్యే అవకాశమే ఎక్కువ. సూటీ ఈకలు నీటిని అంతగా తట్టుకోలేవు కనుక అది నీటిపై వాలడం అరుదు, గూడు విడిచిన పిల్ల ఏళ్ల తరబడి గాలిలోనే గడుపుతుంది.

జాతుల పేజీలను మాత్రం మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. పెద్ద గల్ జాతులకు పూర్తి వయసు ఈకలు రావడానికి దాదాపు నాలుగేళ్లు పడుతుంది, ఆలోగా ఏటా రూపం మారుతుంటుంది. అలాంటి పక్షుల విషయంలో ఒకే బొమ్మ చూపడం కన్నా ఎదిగినదీ ఎదగనిదీ, సంతానకాలంలోదీ ఇతర కాలంలోదీ విడివిడిగా చూపడం ఎంతో మేలు, మెర్లిన్ ఆ పని శ్రద్ధగా చేసింది. కూతను బట్టి పేరు చెప్పే సదుపాయం గూడు కట్టే దీవుల దగ్గర పనికిరావచ్చు గానీ, గాలి హోరున్న పడవపై దాని మీద ఆశ పెట్టుకోనక్కరలేదు.

కొత్తగా సముద్రపక్షులను చూడబోయేవారు దీన్ని తప్పక వాడాలనే నా అభిప్రాయం, అయితే తీర్పరిగా కాక జాబితా కుదించే సాధనంగా వాడాలి. పక్షి కనిపిస్తున్నంతసేపూ ఫోన్ జోలికి పోకుండా రెక్కల ఊపునూ, నీటికి ఎంత ఎత్తున ఎగురుతున్నదీ, ఒంటరిగా ఉన్నదా గుంపులో ఉన్నదా అన్నదీ చూసి రాసుకున్నాకే యాప్ తెరవడం మంచిది. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు కనుక, ఆ ప్రాంతపు బర్డ్ ప్యాక్‌ను, అంటే అక్కడి జాతుల సమాచారాన్ని, ఒడ్డు విడిచే ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.