ఐదడుగుల రెండంగుళాల ఎత్తుతో అవెంజర్ 220 క్రూయిజ్: కొన్నేళ్లు నడిపాక

ఈ బజాజ్ బైకు ఆపినప్పుడు నా రెండు మడమలూ నేలకు పూర్తిగా ఆనుతాయి. అప్పటికీ మోకాళ్లు కాస్త వంగే ఉంటాయి. పొడుగ్గా ఉన్నవాళ్లకు ఇదేం గొప్ప అనిపించొచ్చు. ఐదడుగుల రెండంగుళాలున్న నాకు మాత్రం ఈ బండి మీద ప్రేమంతా ఇక్కడే ఉంది. ఇంజిన్, మైలేజీ, రంగులు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

నేను మెడికల్ రెప్‌ని. ఇల్లు హనుమకొండ. పరకాల, నర్సంపేట, ములుగు, భూపాలపల్లి తిరుగుడు. ఇంతకుముందు స్ప్లెండర్ ఉండేది. దాని సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. సీటు సన్నం, బరువు 112 కిలోలే, అందుకే మునివేళ్ల మీద నిలబడి కూడా ఏళ్ల తరబడి నడిపేశాను. క్రూయిజర్, అంటే కాళ్లు ముందుకు చాపి కూర్చునే బండి, కొంటానంటే తెలిసినవాళ్లంతా బుల్లెట్ తీసుకోమన్నారు. బుల్లెట్ కంపెనీదే క్లాసిక్ 350 ఎక్కి చూశాను. సీటు 805, బరువు 195 కిలోలు. బూటు మొన తప్ప ఏమీ ఆనలేదు. అదే కంపెనీ మీటియర్ 350 మీద మాత్రం నిజంగా మనసు పడింది. 765 మిల్లీమీటర్ల సీటు, పాదాలు బాగానే ఆనాయి. కానీ మోకాళ్లు నిటారుగా బిగుసుకుపోయాయి. కింద 191 కిలోలున్నాయి. అవెంజర్ సీటు 737, బరువు 163.

సీటు ఎత్తులో తేడా మూడు సెంటీమీటర్లు కూడా లేదు, దానికే ఇంత ఆలోచించాలా అని మా ఆవిడ అడిగింది. ఆలోచించాల్సిందే. మునివేళ్ల మీద నిటారుగా ఉన్న కాలు బండిని ఆపి ఉంచగలదు గానీ, పక్కకు ఒరుగుతుంటే తిరిగి పైకి నెట్టలేదు. మోకాలు వంగి ఉంటేనే తొడ బలం వాడుకోవచ్చు. అందుకే సీటు ఎత్తు చూసే ముందు కాలి కొలత తీసుకోవాలి. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక అట్ట పుస్తకం పైకంటా నొక్కిపట్టి, దాని పై అంచు నుంచి నేల దాకా కొలవాలి. నాకు 71 సెంటీమీటర్లు వచ్చింది. బూటు మడమ ఇంకో రెండున్నర కలుపుతుంది. మనం కూర్చున్నాక షాకప్‌లు, ఫోమ్ కొంత దిగుతాయి. అయితే సీటు వెడల్పుగా ఉంటే తొడలు విడిపోయి, కలిసొచ్చిన ఆ కాస్తా అక్కడే పోతుంది. ఒకే ఎత్తు రాసి ఉన్న రెండు బండ్ల మీద కాళ్లు ఒకేలా ఆనకపోవడానికి కారణం ఇదే.

ఇదంతా నాకు బాగా ఒంటబట్టింది 2024 ఫిబ్రవరిలో, మేడారం జాతరకు వెళ్లినప్పుడు. వెనక మా ఆవిడ, మా ఇద్దరి మధ్య మొక్కు బెల్లం సంచి. ములుగు దాటేదాకా హాయిగా వెళ్లాం. పస్రా దగ్గర లోపలికి తిరిగాక బండ్లు కదలడం ఆగిపోయింది. ముందు ట్రాక్టర్లు, పక్కన ఆటోలు, ఎద్దుల బండ్లు. పది అడుగులు కదలడం, ఆగడం. క్లచ్ పట్టుకుని పట్టుకుని ఎడమ చేతి వేళ్లు కొంకర్లు పోయాయి. ఇక లాభం లేదని, కాస్త పల్లంగా ఉన్న చోటల్లా బండి న్యూట్రల్‌లో పెట్టి రెండు కాళ్లతో నడిపించాను. కూర్చునే నడవడమన్నమాట. ఎడమ పాదం, కుడి పాదం, మళ్లీ ఎడమ పాదం.

ఒక చోట ఆర్టీసీ బస్సుకు దారివ్వడానికి తారు దిగాల్సి వచ్చింది. కింద మెత్తటి దుమ్ము, బూటు లేసుల దాకా ఉంది. ముందు చక్రం అందులో దిగబడి హ్యాండిల్ ఎడమకు తిరిగింది, దాంతోపాటు బండి మొత్తం ఒరిగింది. మా ఆవిడ నా భుజం పట్టుకుని "దిగనా?" అంది. దిగే సమయం లేదు. ఎడమ పాదం దుమ్ములో జారి, అడుగున గట్టినేల తగిలి ఆగింది. అప్పటికి నా మోకాలు బాగా వంగి ఉంది. ఆ మోకాలిని మెల్లగా నిటారు చేస్తూ ఇద్దరు మనుషుల్ని, బెల్లాన్ని, బండిని కలిపి పైకి నెట్టాను. తొడ వణికింది, కానీ బండి లేచింది. పక్కనే ఎత్తు బండి మీద ఉన్న కుర్రాడు నాకంటే బారెడు పొడుగు. అదే దుమ్ములో కాలు జారి బండిని మెల్లగా పక్కకు పడేశాడు. నలుగురం చేరి లేపాం. "అన్నా, మీది తక్కువ ఎత్తు బండి, బతికిపోయిన్రు" అన్నాడు. స్ప్లెండర్ మీదైతే ఆ చోట నేనూ పడేవాణ్ని.

రోజువారీలో ఈ సుఖం కాజీపేట బ్రిడ్జి మీద తెలుస్తుంది. ఎక్కుడులో ట్రాఫిక్ ఆగితే కుడి కాలు బ్రేక్ మీదే ఉండాలి, బండి భారమంతా ఎడమ కాలిదే. ఆ ఒక్క కాలూ పూర్తిగా ఆనితే కుడి కాలు కదిలించే పనుండదు.

ఇంత చెప్పాను కదా, మిగతాది కూడా చెప్పాలి. ఆగినప్పుడు ఇంత బాగా అందే కాళ్లు, బండి నడుస్తున్నప్పుడు ముందుకు చాపుకోవాలి. క్రూయిజర్ అంటేనే ఫుట్‌రెస్టులు ముందుకుంటాయి. పొడుగు మనుషులకు అది విశ్రాంతి. నాకు భూపాలపల్లి చేరేసరికి నడుము సీటు వెనక్కి జారిపోయి, బ్రేక్ కోసం కుడి కాలు వెతుక్కోవాల్సి వచ్చేది. హనుమకొండలో సీట్లు కుట్టే షాపుకు తీసుకెళ్తే, అతను నా నడుము వెనక నాలుగు వేళ్ల మందాన ఫోమ్ పెట్టి, ముందు అంచుల్ని రెండు పక్కలా కోసి సన్నం చేశాడు. ఇప్పుడు మనిషిని కొంచెం ముందుకు తోసినట్టు కూర్చుంటాను, కాలు సరిగ్గా పెడల్ మీదికే వెళ్తుంది. కొనేటప్పుడు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకుంటే మంచిది.

గుంతల సంగతి వేరు. కాళ్లు ముందుకు ఉన్నాయి కాబట్టి గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్ట్ మీద లేచి నిలబడలేం, దెబ్బంతా నడుముకే. జాతీయ రహదారి 163 మీద ఇది గుర్తే రాదు. రోడ్డు దిగి ఊళ్లలోకి వెళ్తే వస్తుంది. యూటర్న్ పూర్తిగా తిప్పినప్పుడు బయటి వైపు హ్యాండిల్ చివర నా చేతికి దూరమవుతుంది, అప్పుడు ఒంటిని కూడా ముందుకు వంచాలి. ఇది కొద్ది రోజుల్లో అలవాటైంది.

అలవాటు కానిది ఒకటుంది. నేను రోజూ వెళ్లే ఒక ఆసుపత్రికి సెల్లార్ పార్కింగ్. ముందు చక్రం కిందికి పెట్టి వాలులో నిలిపితే, తిరిగి వెనక్కి లాగడానికి మడమలు ఆనడం ఏ మాత్రం పనికిరాదు. 163 కిలోలు ఎదురు వాలులో వెనక్కి రావు. అక్కడి వాచ్‌మన్ ఒక చెయ్యి వేస్తేనే వస్తుంది. అందుకే ఎక్కడైనా ముందు నేల వాలు చూసుకుని, బండి ముఖం ఎత్తు వైపు తిప్పి పెడతాను. మీ ఇంటి గేటు ముందు ర్యాంపు ఉంటే కొనేముందు ఇది చూసుకోండి.

వెనక కూర్చునే మనిషికి ఆనుకోవడానికి బ్యాక్‌రెస్ట్ ఉండటంతో మా ఆవిడ ఓటు మొదటి నుంచీ దీనికే.

నా కొలతలకు, నా దారులకు ఇది కుదిరింది. హైవే ఎక్కువ, ఊరి దారి తక్కువ, వెనక ఒకరే. మీ కాలి కొలత 75 సెంటీమీటర్లు దాటితే మీటియర్‌ను పక్కన పెట్టొద్దు, ఒకసారి ఎక్కి చూడండి. రోజూ వేసుకునే బూట్లే వేసుకుని, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని చూడండి. ఒంటరిగా షోరూమ్ నున్నటి టైల్స్ మీద కూర్చుంటే సగమే తెలుస్తుంది.

మా బావమరిదిది కూడా నా ఎత్తే. వాడి పని ఏటూరునాగారం వైపు లోపలి ఊళ్లలో, సగం దారి మట్టిదే. వాడికి ఇది కొనుక్కోమని ఇప్పటిదాకా గట్టిగా చెప్పలేకపోయాను. ముందు నా బండి తీసుకెళ్లి తిరిగి చూడమన్నాను. తీసుకెళ్లాడు. కాళ్ల సంగతికి మురిసిపోయాడు, నడుము సంగతి ఇంకా తేల్చుకోలేదు.