సాల్టో కుండీల కోసం మిడెల్‌ఫార్ట్ దాకా

కోపెన్‌హాగెన్‌లో మాకు మూడే రోజులు. అందులో ఒకటి డెన్మార్క్‌లోనే ఉన్న మిడెల్‌ఫార్ట్ అనే ఊరికి ఇద్దామంటే అక్క మొదట ఒప్పుకోలేదు. "పూలకుండీల కోసం రెండు గంటలు రైల్లోనా?" అంది. తిరుగు రైల్లో మాత్రం, రాత్రికి అక్కడే ఉండాల్సింది అని తనే అంది.

ఆ ఊళ్లో జలసంధి ఒడ్డున క్లే అనే సిరామిక్ మ్యూజియం ఉంది. రాయల్ కోపెన్‌హాగెన్ అనే పింగాణీ కంపెనీ సేకరణ 2010లో ఇక్కడికే చేరింది. నేను వెళ్లింది డెన్మార్క్ సిరామిక్ కళాకారుడు ఆక్సెల్ సాల్టో (1889-1961) కోసం. ఆయన ఆకునో కాయనో చూసి అచ్చు దించలేదు. మొగ్గ తొడగడం, మొలక పగలడం, ఆ ఊపునే మట్టిలోకి తెచ్చాడు. ఒక కుండీకి ఒళ్లంతా సీతాఫలం మీదలా బుడిపెలు. కొసల దగ్గర గ్లేజు, అంటే గాజులాంటి పూత, పలచబడి లేత గోధుమరంగు తేలింది, సందుల్లోకి జారి చిక్కగా ముదిరింది. బట్టీ వేడికి కరిగి జారే పూతను పట్టి ఆపేవి ఆ బుడిపెలే. ఫొటోల్లో చూసినన్నాళ్లూ అది నాకు తట్టలేదు.

కోపెన్‌హాగెన్‌లోని డిజైన్ మ్యూజియం కూడా చూడాల్సిందే, సోమవారం మాత్రం మూసేస్తారు. ఒక్కటే కుదిరితే నా ఓటు మిడెల్‌ఫార్ట్‌కే. కోపెన్‌హాగెన్‌లో మేం దిగిన గెస్ట్‌హౌస్ స్టేషన్‌కి దగ్గర, శుభ్రంగా ఉంది, గది మాత్రం మరీ ఇరుకు. కొన్నవి విప్పి చూసుకోవడానికి బల్ల కూడా లేదు.

కొనడానికి కోపెన్‌హాగెన్‌లోనే పాత సామాన్ల షాపులుండే రావ్న్స్‌బోర్గ్‌గేడ్ వీధికి వెళ్లాం. సాల్టో పెద్ద కుండీలు వేలంలో లక్షలు పలుకుతాయి, మనకి అందవు. సాక్స్‌బో, పాల్‌షుస్ అనే డెన్మార్క్ కుండల వర్క్‌షాపులవి, ఆర్నే బాంగ్ అనే కళాకారుడివి చిన్నవైతే ఓపిక పట్టి వెతికితే దొరుకుతాయి. సాక్స్‌బోలో గ్లేజులు నథాలీ క్రెబ్స్‌వి, చాలా రూపాలు ఎవా స్టేర్-నీల్సన్‌వి. 1968లో అది మూతపడింది.

ఒక షాపులో "మచ్చలేనిది" అని చేతికిచ్చిన గిన్నెను, ఊళ్లో కుండ కొనేటప్పుడు చేసినట్టే, అక్క వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమనలేదు, మొద్దుగా పలికింది. వెలుతురుకి పెడితే అంచు నుంచి వెంట్రుకంత బీట. చెప్పకుండా అమ్మబోయారని బాధేసింది. పక్క షాపావిడ అడక్కముందే అడుగు తిప్పి, ముద్ర చూపించి, చిన్న పెచ్చు ఎక్కడ ఊడిందో కూడా చెప్పింది. ఆర్నే బాంగ్ గిన్నె అక్కడే కొన్నాం. విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.