స్టెంట్ తర్వాత ఇరవై నెలలు: చేతి వాచీ, ఛాతీ బెల్టు

స్టెంట్ వేశాక ఇరవై నెలలుగా పొద్దున్నే వైజాగ్ ఆర్‌కే బీచ్‌లో నడుస్తున్నాను. మొదట గుండె వేగం చూపించే చేతి వాచీ కొన్నాను. నాలుగు నెలలకు అదే పని చేసే, ఛాతీకి కట్టుకునే బెల్టు కూడా తీసుకున్నాను.

వాచీలో వయసు 58 అని పెట్టగానే 220లోంచి అది తీసేసి, నా గుండె గరిష్ఠ వేగం 162 అని లెక్కగట్టింది. 113 దాటితే గానీ దాని దృష్టిలో వ్యాయామమే కాదు. నేనేమో గుండె వేగాన్ని పట్టి ఉంచే మెటోప్రొలాల్ వేసుకుంటున్నాను. ట్రెడ్‌మిల్ టెస్టులో ఆయాసం వచ్చి ఆపేసినప్పుడే నాకు వచ్చింది 125. ఫిజియో అందులోంచి విశ్రాంతిగా ఉన్నప్పటి 60 తీసేశారు. మిగిలిన 65లో 40 నుంచి 60 శాతం మళ్లీ 60కి కలిపి, 86–99 మధ్య నడవమన్నారు. వాచీలోని జోన్లు, అంటే గుండె వేగం హద్దులు, ఆ ప్రకారం మార్చాకే వాచీ మాట వినడం మొదలుపెట్టాను. అంతకుముందు మూడు వారాలు ‘వేగం పెంచండి’ అని అది పోరుతుంటే ఏదో చేతకానివాణ్ణయిపోయానని దిగులు.

ఒకరోజు కురుసుర జలాంతర్గామి దగ్గర ఉన్నట్టుండి 118 చూపించింది. టెన్షన్‌తో గట్టు మీద కూర్చుని నాడి పట్టుకున్నాను. పదిహేను సెకన్లలో 22, అంటే 88. వాచీ వదులుగా ఉండి, గుండెను వదిలేసి నా అడుగులు లెక్కపెట్టిందన్నమాట! మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైన బిగించి కట్టాక ఆ గోల తగ్గింది. బెల్టుతో ఈ బాధ లేదు, కాకపోతే కట్టుకునే ముందు పట్టీ లోపలివైపు తడపాలి. తడపకపోతే మొదటి అయిదు నిమిషాలూ పిచ్చి అంకెలే.

రాత్రి అలారం కథ వేరు. వేగం 50 కంటే తగ్గితే మోగేలా పెట్టాను. రెండింటికి 48 అని మోగింది. "ఏమండీ, దాన్ని తీసి అవతల పడేయండి, మిమ్మల్ని నిద్రపోనివ్వదు" అంది మా ఆవిడ. మెటోప్రొలాల్‌తో నిద్రలో అలా తగ్గడం మామూలేనని డాక్టర్ చెబితే 40కి దించాను.

ఛాతీలో నొప్పి వస్తే మాత్రం వాచీ చూస్తూ కూర్చోకూడదు. గుండెపోటును అది పట్టుకోలేదు.

ఇప్పుడు ముందు నేనే అంచనా వేసి తర్వాత వాచీ చూస్తున్నాను. పక్కవాళ్లతో మాట్లాడగలిగి, పాట పాడేంత ఊపిరి లేకపోతే 95 దగ్గర ఉంటాను. ఒకటే కొనాలనుకునేవాళ్లకు వాచీ చాలు, నాడి చూసుకోవడం వస్తే. చెమటకు నా బెల్టు పట్టీ ఎలాగూ సాగిపోయింది, కొత్తది ఇంకా కొనలేదు.