యాషికా మ్యాట్-124జి: లెన్సు కోసం కొనండి, మీటరు కోసం కాదు

తీర్పు ముందే చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మీడియం ఫార్మాట్ (35 మి.మీ. కంటే పెద్ద సైజు) ఫిల్ములోకి కొత్తగా దిగేవాళ్లకు యాషికా మ్యాట్-124జి మంచి కెమెరా. లెన్సు బాగుంది, ఫిల్ము తిప్పే పిడి, అంటే క్రాంకు, బాగుంది, మెడకు తగిలించుకుని తిరిగితే బరువూ ఓర్చుకోగలిగిందే. కాకపోతే సెకండ్ హ్యాండ్‌లో దీనికి చెప్పే రేటులో చెప్పుకోదగ్గ వాటా లోపలున్న లైట్ మీటరుది, అంటే వెలుగు కొలిచే పరికరానిది. ఆ వాటా శుద్ధ దండగ.

యాషికా వాళ్లు మొదటి యాషికా మ్యాట్‌ని 1957లో తెచ్చారు. దానికి మీటరు లేదు. 1968లో బ్యాటరీ మీటరు పెట్టి మ్యాట్-124 అన్నారు. 1970లో ఆ మీటరు కనెక్షన్లకు బంగారు పూత వేసి, పైన మెరిసే భాగాలకు నలుపు రంగు కొట్టి 124జి అన్నారు. మధ్యలో 1983లో కంపెనీ క్యోసెరా చేతికి వెళ్లినా 1986 దాకా ఇది వస్తూనే ఉంది. అందుకే పాత ట్విన్ లెన్స్ (చూడటానికో లెన్సు, తీయడానికో లెన్సు ఉన్న) కెమెరాల్లో కాస్త వయసు తక్కువ సరుకు కావాలంటే చేతికి తగిలేది ఎక్కువగా ఇదే.

నాది పాత స్టూడియో కెమెరా. రాజమండ్రిలో చాలాకాలం స్టూడియో నడిపి, పిల్లలు వేరే ఉద్యోగాలు చూసుకున్నాక మూసేసిన ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. ఊటీ దగ్గర హిందూస్తాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు చేసిన ఇందు రీళ్లతో పెళ్లిళ్లు తీసిన మనిషి. "రీలుకి పన్నెండే కదమ్మా, జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, ఈ మూడూ పడితే చాలనుకునేవాణ్ణి. మిగతావి వాళ్ల అదృష్టం" అన్నారు. బేరం ఆడబోతే, "మీరు కాలేజీలో ఫిజిక్స్ చెప్తారు కదా మేడమ్, దీని లోపలేముందో నాకంటే మీకే బాగా తెలుసు" అని నా నోరు మూయించారు.

లోపలేముందో చెప్తాను మరి. కింది లెన్సు ఫొటో తీస్తుంది: 80 మి.మీ. యాషినాన్, ఎఫ్ 3.5 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది), నాలుగు గాజు పలకల టెస్సార్ పద్ధతి. పై లెన్సు మనం చూడటానికి, అది ఎఫ్ 2.8. పై లెన్సు వెనక ఏటవాలు అద్దం వెలుగును పైకి తిప్పి గరుకు గాజు మీద వేస్తుంది. అద్దం బొమ్మ తలకిందులుని సరిచేస్తుంది గానీ కుడి ఎడమల్ని సరిచేయదు. పుష్కర ఘాట్ దగ్గర నిలబడి చూశానా, ఎడమకు పోతున్న పడవ గాజు మీద కుడికి పోతుంటుంది. దాన్ని ఫ్రేములో ఉంచాలని మీరు కెమెరా తిప్పితే పడవ ఇంకా దూరం పారిపోతుంది. కొత్తలో అందరికీ ఇదే తంటా. నేను కనుక్కున్న చిట్కా: కదిలేదాన్ని వెంటాడటం మానేసి, వెనకాల హేవ్‌లాక్ బ్రిడ్జి స్తంభాలు ముందే సర్దుకుని, పడవ దానంతటదే ఫ్రేములోకి వచ్చేదాకా ఆగడం. ఇంతకంటే తొందర పడితే ఈ కెమెరా సహకరించదు.

గాజు మధ్యలో బాగానే వెలుగుంటుంది, మూలలకు వెళ్లేసరికి మసక. గాజు చుట్టూ లేచే మూత, అంటే హుడ్‌లో ఉన్న చిన్న భూతద్దం లేపి, కన్ను దానికి ఆనించి ఫోకస్ చూసుకుంటే పదునుగా తెలుస్తుంది. కళ్లజోడు ఉన్నవాళ్లకు కాస్త ఇబ్బందే, నాకూ ఉంది. జోడు తీసేసి చూస్తున్నాను.

ఇప్పుడు మీటరు సంగతి. హుడ్ తెరవగానే మీటరు ఆన్ అవుతుంది. చక్రాలు తిప్పి ఒక ముల్లుని ఇంకో ముల్లు మీదకు తెస్తే ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ము మీద పడే వెలుగు, సరి. చదవడానికి ఎంత బాగుందో! అయితే ఇది 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కోసం చేసిన మీటరు. పీఎక్స్ 625 అనే ఆ బ్యాటరీ ఇప్పుడు తయారు కావడం లేదు. ఆ సైజులోనే ఉన్న 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటరు రీడింగ్ తప్పుతుంది, పైగా బ్యాటరీ అరిగేకొద్దీ ఆ తప్పు మారుతూ పోతుంది. చెవి మిషన్లకు వాడే 675 నంబరు జింక్ ఎయిర్ బిళ్ల 1.4 వోల్టులు ఇస్తుంది, చుట్టూ ఒక రబ్బరు రింగు పెట్టి వాడుకోవచ్చు. కానీ దాని స్టిక్కర్ పీకి గాలి తగిలిందా, వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోతుంది. ఇన్నీ చేశాక కూడా లోపలి సెన్సార్ యాభై ఏళ్ల నాటిది. సాయంత్రం వెలుగులో ముల్లు కదలడానికే బద్ధకిస్తుంది. అదీ కాక ఫిల్ము స్పీడు (ఏఎస్ఏ) 400 దాటి సెట్టింగే లేదు.

నేను ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ పెట్టుకున్నాను, కథ ముగిసింది. ఎర్రటి ఎండలో అయితే ఫోన్ కూడా తీయను. 400 స్పీడు ఫిల్ము, ఎఫ్ 16, సెకనులో 500వ వంతు. నల్లమబ్బు పట్టినా, చెట్టు నీడకు వెళ్లినా లెన్సుని రెండు మూడు స్టాపులు తెరుస్తాను, ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు. అందుకే మీకు మీటరు లేని పాత యాషికా మ్యాట్ తక్కువకు దొరికితే, లెన్సు శుభ్రంగా ఉంటే, దాన్నే తీసుకోండి. ఫిల్ము మీద పడే బొమ్మలో తేడా కనిపెట్టడం ఎవరి వల్లా కాదు.

కొనేముందు చూడాల్సినవాటిలో నేను మొదట చూసేది షట్టరు. వెనక తలుపు తెరిచి, స్పీడు ఒక సెకను మీద పెట్టి నొక్కండి. బుర్రుమంటూ ఒకే తీరుగా నడిచి ఆగాలి. చాలాకాలం వాడని కెమెరాల్లో లోపలి నూనె గడ్డకట్టి, గొంతులో కఫం అడ్డం పడ్డట్టు మధ్యలో ఆగి ఆగి కదులుతుంది. అలా ఉంటే మెకానిక్ ఖర్చు ధరలోంచి తీసేయండి. తర్వాత ఫోన్ టార్చి ఒక పక్కనుంచి లెన్సులోకి వేసి రెండో పక్కనుంచి చూడండి. మన కోస్తా తేమకు లెన్సుల్లో సాలెగూడు లాంటి ఫంగస్ పట్టడం మామూలే. పై లెన్సులో కాస్త ఉన్నా సర్దుకుపోవచ్చు, కింది దాంట్లో ఉంటే మాత్రం వద్దు. వెనక తలుపు అంచుల్లో నల్లటి స్పాంజి పొడిపొడిగా రాలుతుంటే భయపడక్కర్లేదు, అది వయసుతో వచ్చేదే, తీసి కొత్తది అతికించుకోవచ్చు. నేను అతికించాను. స్పాంజి ముక్క అంటించడం తేలిక, పాత జిగురు గీకడమే నరకం.

రీలు ఎక్కించడం గురించి కాస్త వివరంగా చెప్తాను, కొత్తవాళ్లకు అసలు టెన్షన్ అక్కడే. దీనికి వాడే 120 రీలుకి డబ్బా ఉండదు. ఫిల్ము వెనక నల్ల కాగితం, అంతే. ఆ కాగితం ఊడిందంటే వెలుగు తగిలినట్టే, కాబట్టి నీడలో ఎక్కించండి. ముందు వెనక తలుపుకున్న, ఫిల్ముని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు 12 మీద ఉందో లేదో చూడండి. 24 అన్నది 220 రీలు కోసం, అది ఇప్పుడు మామూలుగా దొరకదు. ఖాళీ స్పూలు పై గదిలో, కొత్త రీలు కింది గదిలో. కాగితం నాలుకని పైకి లాగి, ఖాళీ స్పూలు చీలికలో దూర్చి, బొటనవేలితో కింది రీలుని కొద్దిగా అదిమి పట్టుకుని క్రాంకు తిప్పండి. అదిమి పట్టకపోతే చుట్ట వదులై, తీసేటప్పుడు అంచుల్లోంచి వెలుగు దూరుతుంది. కాగితం మీది బాణం గుర్తు కెమెరా మీది గుర్తుకు ఎదురుగా రాగానే ఆపి తలుపు మూసేయండి. ఆ తర్వాత క్రాంకు తిప్పుకుంటూ పోతే ఒకటో నంబరు దగ్గర అదే ఆగుతుంది. ఇక్కణ్ణుంచి ప్రతి ఫొటోకీ క్రాంకు ముందుకు ఆగేదాకా, వెనక్కి ఆగేదాకా. రెండో తిప్పు మరిచిపోతే బటను నొక్కుడుపడదు. కెమెరా చెడిపోయిందని కంగారు పడకండి.

పన్నెండు అయిపోయాక క్రాంకు తేలికయ్యేదాకా తిప్పి, తీసి, చివరున్న గమ్ము పట్టీ తడిపి గట్టిగా అంటించేయాలి. రివైండ్ గొడవ లేదు. ఖాళీ అయిన కింది స్పూలు పైకి మారుతుంది, దాన్ని పారేయకండి.

బొమ్మల గురించి. నెగెటివ్ ఒక్కొక్కటి సుమారు 56 మి.మీ. చదరం. 35 మి.మీ. ఫిల్ముకి అలవాటు పడ్డవాళ్లు మొదటిసారి దీన్ని కిటికీకి ఎత్తి చూస్తే లూప్ (నెగెటివ్ చూసే భూతద్దం) లేకుండానే మొహాలు గుర్తుపడతారు. కడియపులంక నర్సరీల్లో కొడాక్ గోల్డ్ 200 రీలు వాడాను. చామంతి కుండీల వరసల మధ్య నీళ్లు పడుతున్న ఒకామెను ఎఫ్ 8 దగ్గర తీశాను. గొట్టంలోంచి చిమ్మిన చుక్కలు కూడా విడివిడిగా వచ్చాయి. పూర్తిగా తెరిచి ఎఫ్ 3.5లో తీస్తే మూలలు మెత్తబడతాయి. ఎఫ్ 5.6 నుంచి 11 దాకా ఈ లెన్సుకు వంక పెట్టలేం. షట్టరు లెన్సులోనే ఉంది, లోపల ఎగిరిపడే అద్దం లేదు, అందుకని 30వ వంతులో కూడా కెమెరాని పొట్టకు ఆనించి చేత్తోనే తీసేస్తున్నాను. నలుపు తెలుపుకి ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 నాకు నచ్చింది. ఎక్స్‌పోజర్ కాస్త అటూ ఇటూ అయినా క్షమించేస్తుంది.

దగ్గర నుంచి తీసే ఫొటోల్లో ఒక లోపం ఉంది, ఇది డిజైన్‌లోనే ఉన్న లోపం. మనం చూసేది పై లెన్సు, తీసేది కింది లెన్సు. ఒక మీటరు దూరం నుంచి మొహం తీస్తే గాజు మీద నిండుగా కనబడిన తల ఫిల్ము మీద నెత్తి తెగి వస్తుంది. దీన్ని దానంతటదే సరిదిద్దే ఏర్పాటు ఇందులో లేదు. తల పైన కాస్త ఖాళీ వదలండి, లేదా ట్రైపాడ్ మీద ఫ్రేము సర్దుకున్నాక రెండు లెన్సుల మధ్య ఎడం ఎంతో అంత కెమెరాని పైకి లేపండి. ఒక మీటరు దూరం కంటే దగ్గరకు ఎలాగూ ఫోకస్ కాదు.

ఖర్చు దాచను. రీలు కొని, కొరియర్ చేసి, కడిగించి, స్కాన్ చేయించే సరికి నాకు ఒక్కో ఫొటో వంద రూపాయలు దాటుతోంది. మా ఊళ్లో కలర్ రీళ్లు కడిగేవాళ్లు లేరు. మొదట పంపిన ల్యాబు నెగెటివ్‌ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీతలు పెట్టి పంపింది, అడిగితే ఫిల్మే పాతదన్నారు. ఇప్పుడు వేరే చోటికి పంపుతున్నాను. నలుపు తెలుపు మాత్రం ఇంట్లోనే బాత్‌రూమ్ లైటు ఆర్పి నేనే కడుక్కుంటున్నాను. ల్యాబుకి పంపేవాళ్లు నెగెటివ్‌లు వెనక్కి ఇస్తారా, స్కాన్ ఎంత సైజులో ఇస్తారు అని డబ్బు కట్టకముందే అడగండి.

ఆఖరున ఒక మాట హుడ్ గురించి, పై మూత కాదు, ఎండ పడకుండా లెన్సు ముందు తగిలించే లెన్సు హుడ్. సూర్యుడు పక్కనుంచి కొడితే ఈ లెన్సు తీసే బొమ్మ పాలిపోతుంది, గోదావరి మీద ఉదయం ఏడింటికే ఆ బాధ మొదలవుతుంది. దీనికి పట్టేది బే 1 కొలత బయొనెట్ (మర కాకుండా తిప్పి బిగించే) హుడ్, ఫిల్టర్లూ అదే కొలత. మామూలు మరల ఫిల్టర్లు నేరుగా పట్టవు. విడిగా కొనబోతే వెతుక్కోవాలి, రేటూ ఎక్కువే. హుడ్ లేకుండా అమ్ముతుంటే ఆ మేరకు ధర తగ్గించమనండి.