రిచీ స్ట్రీట్‌లో ఉచితంగా డ్రైవ్ విడగొట్టి ఇస్తామంటే ఒప్పుకోకండి

రాత్రంతా నిద్ర లేదు, మాట కాస్త పెరిగితే మన్నించండి.

చెన్నైలో కంప్యూటర్ సామాన్ల బజారు రిచీ స్ట్రీట్‌కు మౌంట్ రోడ్డు వైపు నుంచి వెళ్ళే తెలుగువాళ్ళకు ఆ దుకాణం తెలిసే ఉంటుంది. తెలుగు వినబడితే చాలు, "రండమ్మా, మాది గూడూరు" అంటూ స్టూలు లాగి వేసే పెద్దమనిషి. పేరు రాయను. ర్యామ్ వేయించడానికి వెళ్ళాను. 2018లో కొన్న ల్యాప్‌టాప్, ఒక టీబీ హార్డ్ డిస్క్, అంతా ఒక్క సీ డ్రైవే. "లెక్కలన్నీ సీలోనే పెడితే ఎలాగమ్మా? డీ విడగొట్టి ఇస్తాను, మీకు ఉచితం" అన్నాడు. నాలుగు దుకాణాలకు జీఎస్టీ లెక్కలు చూసేదాన్ని, ఉచితం అన్న మాట దగ్గర నా లెక్కే తప్పింది. బ్యాకప్ ఉందా అని ఆయన అడగలేదు. లేదని నేనూ చెప్పలేదు.

కుర్రాడు సొరుగులోంచి రబ్బరు బ్యాండు చుట్టిన పెన్‌డ్రైవ్ తీశాడు. దానితో మెషీన్ లేవలేదు. మెషీన్ ఎలా లేవాలో చెప్పే బయాస్ సెట్టింగుల్లోకి వెళ్ళి, యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిని లెగసీ అనే పాత పద్ధతికి మార్చాడు. అక్కడే నేను లేచి రావలసింది. ఆ పెన్‌డ్రైవ్‌లోని సాఫ్ట్‌వేర్ ఏ కాలం నాటిదో, సీతో పాటు విండోస్ దాచి ఉంచే చిన్నవి కలిపి నా డిస్కులోని నాలుగు భాగాలూ దాని కంటికి ఆనలేదు. మొత్తాన్ని ఒకే పట్టీగా చూపించి, రకం తెలియదంది. సంగతి ఇప్పుడు తెలిసింది. డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పట్టిక నా డిస్కులో కొత్త జీపీటీ పద్ధతిది, వాళ్ళ సరుకుకు పాత ఎంబీఆర్ పద్ధతి తప్ప మరొకటి తెలియదు. ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్లు డిస్కును ఖాళీ అనుకోకుండా, జీపీటీ మొదటి సెక్టారులో పేరుకొక ఎంబీఆర్‌ను కాపలా పెడుతుందట. వీళ్ళు ఆ కాపలావాడినే గెంటేశారు. పట్టికలో తప్పులున్నాయి, సరిచేయమంటారా అని తెర అడిగింది. కుర్రాడు యజమాని వైపు చూశాడు. ఆయన ఫోనులో ఎవరితోనో బేరమాడుతూ, ఇటు తిరగకుండానే చెయ్యి ఊపాడు. వాడు ఎంటర్ నొక్కాడు. రెండు ముక్కలు చేశాడు, రెండోదాన్ని ఫార్మాట్ కూడా చేశాడు. మళ్ళీ ఆన్ చేస్తే నల్లటి తెర, బూట్ అయ్యే పరికరం లేదంటూ ఒక్క తెల్ల వాక్యం.

ఇంతవరకైతే పొరపాటు అనుకుని ఊరుకునేదాన్ని. ఆయన ఫోను పెట్టేసి వచ్చి తెర చూశాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. టీ తెమ్మన్నంత మామూలుగా కుర్రాడితో తమిళంలో, "హార్డ్ డిస్క్ పోచ్చున్ను సొల్లిడు" అన్నాడు. డిస్కు పోయిందని చెప్పెయ్యి అని! నేను ఎదురుగా స్టూలు మీద కూర్చునే ఉన్నాను. నా తెలుగు విని నిన్ననో మొన్ననో మద్రాసులో దిగాననుకున్నట్టున్నాడు. అయ్యా, నేను పెరంబూరులో పుట్టి పెరిగినదాన్ని. మరుక్షణం నా వైపు తిరిగి తెలుగులో తేనె పోశాడు: "పాత డిస్కు కదమ్మా, దానికి ఆయుష్షు అంతే. డేటా తీయించాలంటే నాలుగు వేల అయిదు వందలు అవుతుంది, మనవాళ్ళు కాబట్టి." మీ మాట నాకు అర్థమైందని తమిళంలోనే చెప్పాను. గూడూరు మాయమైంది. "అన్నీ తెలిసినవాళ్ళు ఇంట్లోనే చేసుకోవలసింది, ఇక్కడికి ఎందుకు వచ్చారు?" అన్నాడు. ఆ తర్వాత కూడా ర్యామ్ డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి వచ్చాను. నా మర్యాద మండిపోను.

డిస్కుకు ఏ జబ్బూ లేదు. మా తమ్ముడు లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో మెషీన్ లేపి, పోయిన భాగాలను వెతికి పెట్టే టెస్ట్‌డిస్క్ నడిపాడు. జీపీటీ తన నకలు ఒకటి డిస్కు చివర దాచుకుంటుంది, అదే ఆదుకుంది. బయాస్‌ను మళ్ళీ యూఈఎఫ్‌ఐకి మార్చాక విండోస్ లేచింది. కానీ కొత్త డీ రాసుకున్న చోట ఉన్న ఫైళ్ళు పోయాయి. అందులో రెండు దుకాణాల పోయిన నెల పద్దులు. వాటికి నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బికి గడువు ఈ నెల ఇరవయ్యో తేదీ, దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము. ఇప్పుడు కాగితం బిల్లులు నేల మీద పరిచి ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాను.

డ్రైవ్ విడగొట్టాలంటే విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ ఉంది. బ్యాకప్ తీసుకుని, సీ మీద కుడి క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ నొక్కి, ఖాళీ అయిన చోట న్యూ సింపుల్ వాల్యూమ్ చేసుకుంటే సరిపోతుంది. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నవాళ్ళు 48 అంకెల రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి. మెషీన్ లేవకపోతే, డేటా బయటికి తీసేదాకా ఎవరినీ ఫార్మాట్ చేయనివ్వకండి.

బిల్లు దాచాను. ర్యామ్ కింద "పార్టీషన్ – ఉచితం" అని ఆయనే తన చేత్తో రాశాడు. పొద్దున్న వినియోగదారుల సహాయ కేంద్రం 1915కి ఫోను చేస్తున్నాను.