క్యాట్‌ఫిష్‌లో ఆడ, మగ: ఒంటి తీరు, మూతి కొమ్మలు, పొట్ట కింద బుడిపె... ఏది చూస్తే మేలు?

మీసం ఉంది కాబట్టి మగ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. క్యాట్‌ఫిష్ దగ్గర ఆ లెక్క పనికిరాదు. ఆ మీసాలు ఆడదానికీ ఉంటాయి, మగదానికీ ఉంటాయి. ఇసుకలోనూ మసక నీళ్లలోనూ తిండిని రుచి చూసి వెతుక్కోవడానికి ఉన్నవి అవి. తిండి రెండింటికీ కావాలి కదా!

మరి దేన్ని చూడాలి? చేపలు పెంచేవాళ్లు ముఖ్యంగా నాలుగు దారులు చెబుతారు. పైనుంచి ఒంటి వెడల్పు చూడడం, మూతి మీద, చెంపల మీద మొలిచినవి చూడడం, పొట్ట కింద బుడిపెను పరీక్షించడం, ఇవేవీ వద్దనుకుంటే ఆరు చేప పిల్లల్ని కలిపి తెచ్చి పెరగనివ్వడం. వీటిలో ఏది మేలు అంటే అన్ని జాతులకూ సరిపోయే జవాబు లేదు. ఇన్నేళ్లుగా చూస్తుంటే నాకు తేలింది ఒక్కటే: గుడ్లు పెట్టే వేళ ఆ జాతిలో కష్టం ఎవరిదో, ఆ కష్టం ఒంట్లో ఏ భాగానిదో కనుక్కుంటే, చాలావరకు గుర్తు కూడా అక్కడే దొరుకుతుంది.

ముందు కోరిడోరస్ సంగతి చూద్దాం. వీటిని అందరూ ముద్దుగా కోరీలు అంటారు. వీటిలో గుడ్ల బరువంతా ఆడదానిదే. కడుపు నిండా గుడ్లు మోస్తుంది. పెట్టే సమయంలో పొట్ట కింది జత రెక్కల్ని దోసిలిలా దగ్గరికి చేర్చి, వాటి మధ్య గుడ్లు పట్టుకుని వెళ్లి, అద్దానికో ఆకుకో అంటిస్తుంది. మగది గూడు కట్టదు, కాపలా కాయదు. అందుకే ఇక్కడ గుర్తులన్నీ దాదాపు ఆడదాని ఒంటి మీదే ఉంటాయి. పైనుంచి చూస్తే పక్క రెక్కలు దాటాక కూడా ఒళ్లు వెడల్పుగా ఉబ్బి ఉంటుంది. మగది పక్క రెక్కల దగ్గర నుంచే సన్నబడుతూ తోక దాకా పోతుంది. పొట్ట కింది రెక్కలు ఆడదానికి గుండ్రంగా, మగదానికి కొంచెం కోసుగా ఉంటాయి. మిరియాల చుక్కల్లా మచ్చలుండే పెప్పర్డ్ కోరీలో అయితే మగదాని వెన్ను రెక్క కూడా ఎత్తుగా ఉంటుంది. ఈ పెప్పర్డ్ కోరీని డార్విన్ తన ఓడ ప్రయాణంలో సేకరిస్తే 1842లో శాస్త్రీయంగా వర్ణించారు. 1878లోనే పారిస్‌లో తొట్టిలో గుడ్లు పెట్టించారు. ఇంతకాలంగా మనుషుల మధ్య పెరుగుతున్న చేప అయినా, దీనికి ఈ రోజుకీ పైనుంచి చూసే పద్ధతే అన్నిటికంటే బాగా పనిచేస్తోంది.

చూడడం కూడా తేలికే. తొట్టి మూత తీసి నిలబడి చూడండి. చేపలు కదిలిపోతుంటే, తొట్టి నీళ్లే పోసిన తెల్లటి గిన్నెలోకి కాసేపు మార్చండి. పక్క నుంచి అద్దంలో చూస్తే మాత్రం మోసపోతాం. బాగా తిన్న మగది కూడా గుండ్రంగా కనిపిస్తుంది. ఒకసారి నేను కడుపు ఉబ్బిన చేపను గుడ్లతో ఉందనుకుని నాలుగు రోజులు సంతోషంగా ఎదురుచూశాను. అది జబ్బు. గుడ్లతో ఉన్న ఆడది చురుగ్గా తింటుంది, గుంపుతో తిరుగుతుంది. జబ్బు చేసినది తిండి మానేసి ఒక మూల ఉండిపోతుంది. ఈ తేడా ఆ చేప నాకు నేర్పింది. ఇప్పుడు ఏ కోరీ పొట్ట ఉబ్బినా ముందు తిండి దగ్గర దాన్ని గమనిస్తాను, తర్వాతే ఆడా మగా అని ఆలోచిస్తాను.

ప్లెకోలంటే నోటితో అద్దానికీ రాళ్లకూ అతుక్కునే క్యాట్‌ఫిష్‌లు. వాటిలో బ్రిసిల్‌నోస్ ప్లెకో దగ్గరికొస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ఇందులో కష్టం మగదానిది. ఒక గుహో చెక్క తొర్రో చూసుకుని, ఆడది లోపల గుడ్లు పెట్టి వెళ్లిపోయాక, అది అక్కడే ఉండి రెక్కలతో నీళ్లు విసురుతూ కాపలా కాస్తుంది. గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాక కూడా వాటి సొన సంచీ కరిగేదాకా చోటు వదలదు. ఎదురొచ్చిన వాళ్లకు కనిపించేది గుహ ద్వారంలో దాని తల. గుర్తు కూడా తల మీదే ఉంది. మూతి నుంచి నుదుటి మధ్య దాకా చీలిన కొమ్మల్లాంటి మెత్తటి మొలకలు వస్తాయి. ఆడదానికి అవి అసలు ఉండవు, ఉన్నా మూతి అంచున పొట్టిగా ఒక వరుస ఉంటుందంతే. నుదుటి మధ్యలో ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న. ఈ కొమ్మలు పిల్ల చేపల్లా కనబడి, ‘ఈ మగది పిల్లల్ని బాగా చూసుకుంటుంది’ అని ఆడదాన్ని ఆకర్షిస్తాయని 1999లో కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు. నాకు చాలా నచ్చిన ఆలోచన ఇది.

చేపను పట్టుకోనక్కర్లేదు, బయట నుంచి ఒక్క చూపు చాలు. తేలికలో దీనికి సాటి వచ్చే పద్ధతి లేదు. కానీ ఒక పెద్ద గొయ్యి ఉంది. నుదుటి మధ్యలో కొమ్మలు కనబడితే మగ అన్నది ఖాయం. కనబడకపోతే ఆడ అన్నది మాత్రం ఖాయం కాదు, పిల్ల కావచ్చు. మూడు సెంటీమీటర్ల చేపలన్నీ ఆడవాటిలాగే ఉంటాయి. సుమారు ఐదారు సెంటీమీటర్లు దాటాకే తేడా బయటపడుతుంది. ‘జత’ అని నమ్మి రెండు చిన్న చేపలు తెచ్చుకుని, ఆరు నెలలయ్యాక రెండింటికీ కొమ్మలొచ్చి గుహ కోసం కొట్టుకుంటుంటే టెన్షన్ పడేవాళ్లు ఎంతమందో! పెద్దవి దొరికితే పెద్దవే తెచ్చుకోండి. తప్పనిసరై పిల్లలు తెస్తే, ఒక్కోదానికీ ఒక్కో గుహ పెట్టండి.

రాయల్ ఫార్లోవెల్లా, విప్‌టెయిల్ లాంటి పొడుగు తోక చేపలకూ ఇదే సూత్రం. మగవాటి చెంపలకు గడ్డం లాంటి సన్న ముళ్లు వస్తాయి. అయితే రాయల్ ఫార్లోవెల్లాలో అవి గుడ్ల కాలంలోనే బాగా కనబడతాయి కాబట్టి ఒక్కసారి చూసి తేల్చేయకూడదు.

అసలు చిక్కు జీబ్రా ప్లెకోతో. బ్రెజిల్‌లోని షింగూ నది చేప ఇది, 1991లో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. ఆ దేశం దీని ఎగుమతిని నిషేధించింది, ధర కూడా ఎక్కువే. కాబట్టి ఆడో మగో ఖాయంగా తెలియాలని అందరూ కోరుకుంటారు. ఇందులోనూ గుహ కాసేది మగదే, తల వెడల్పుగా ఉంటుంది, చెంపల దగ్గర ముళ్లు పొడుగ్గా ఉంటాయి. కానీ ఆ ముళ్లు ఆడదానికీ ఉంటాయి. ఎక్కువ తక్కువల తేడానే. రెండింటినీ పక్కపక్కన పెడితే తప్ప చెప్పలేం, అప్పుడు కూడా మనసులో సందేహం మిగులుతుంది. పొట్ట కింద బుడిపె పద్ధతి ఇలాంటి చోట పనికొస్తుంది. మలద్వారం వెనకే చిన్న బుడిపె ఉంటుంది. మగదానికి సన్నగా, కోసుగా బయటికి పొడుచుకొస్తుంది. ఆడదానికి వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. చేపకు వయసొచ్చి ఉండాలి, అది మాత్రం తప్పదు.

సైనోడాంటిస్ అనే ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌లకైతే నేను మొదట ఈ పద్ధతికే ఓటు వేస్తాను. టాంగన్యీకా సరస్సులోని కోయిల క్యాట్‌ఫిష్ గురించి ఆలోచించండి. నోట్లో గుడ్లు దాచుకునే సిక్లిడ్ చేపలు గుడ్లు పెడుతుంటే ఈ క్యాట్‌ఫిష్ జంట మధ్యలో దూరి తన గుడ్లు కలిపేస్తుంది. సిక్లిడ్ తల్లి అవి తనవే అనుకుని నోట్లోకి తీసుకుంటుంది. గూడు లేదు, కాపలా లేదు, ఇక మొహం మీద కొమ్మలెందుకు? ఆడది కాస్త బొద్దుగా ఉంటుంది, అంతే. నమ్మకంగా చెప్పాలంటే కింద చూడాల్సిందే.

‘బుడిపె చూడడమే అసలైన పద్ధతి, మిగతావన్నీ ఊహలు’ అని కొందరు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. చేపకు దానివల్ల కలిగే బాధను ఆ మాట లెక్కలోకి తీసుకోవడం లేదు. క్యాట్‌ఫిష్ భయపడితే పక్క రెక్కల ముళ్లను బిగించి నిలబెడుతుంది. వలలో ఆ ముల్లు చిక్కుకుంటే విడదీయడం మనకూ కష్టం, దానికీ నరకం. కోరీ ముల్లు గుచ్చుకుంటే మన వేలు కూడా మండుతుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల కోరీని పట్టి తిరగేసినా ఆ బుడిపె సరిగా కనబడదు. పైనుంచి చూస్తే తెలిసిపోయేదానికి ఆ హింస ఎందుకు? జీబ్రా, సైనోడాంటిస్‌లకు చూడక తప్పనప్పుడు వల వాడకండి. పారదర్శకంగా ఉండే చిన్న డబ్బాలోకి నీళ్లతో సహా తోలి, డబ్బా ఎత్తి కింద నుంచి ఫోటో తీయండి. ప్లెకో అద్దానికి అంటుకుని ఉంటే అదీ అక్కర్లేదు, అది తనంతట తానే పొట్ట చూపిస్తుంది.

డ్రిఫ్ట్‌వుడ్ క్యాట్‌ఫిష్ పెంచేవాళ్లది అదృష్టం. వీటిలో ఫలదీకరణ ఆడదాని లోపలే జరుగుతుంది. అందుకోసం మగదాని పొట్ట కింద వెనక రెక్క ముందు భాగం ప్రత్యేకంగా మారి ఉంటుంది. తేడా అద్దంలోంచే తెలుస్తుంది.

ఇక ఆరు పిల్లల్ని తెచ్చే దారి. ఆడ మగ సమానంగా పుడతాయని అనుకుంటే, ఆరూ ఒకే రకం అయ్యే అవకాశం 32లో ఒకటి, అంటే సుమారు 3 శాతం. కోరీలకు ఇంతకంటే మంచి దారి లేదు, ఎలాగూ అవి గుంపుగా ఉంటేనే బాగుంటాయి. బయటికి ఏ గుర్తూ ఉండని గ్లాస్ క్యాట్‌ఫిష్‌కూ అంతే. బ్రిసిల్‌నోస్‌కు మాత్రం వద్దు. చిన్న తొట్టిలో నాలుగు మగవి పడితే గొడవే.

అన్నింటికంటే గట్టి రుజువు గుడ్లు పెట్టే రోజు దొరుకుతుంది. కోరీలకు తొట్టిలో నీళ్లు కొంత మార్చి, కాస్త చల్లటి నీళ్లు పోస్తే చాలాసార్లు మర్నాడే మొదలుపెడతాయి. పొట్ట కింది రెక్కల మధ్య గుడ్లు పట్టుకుని అద్దం వెంట తిరిగేది ఎవరో ఆ రోజు ఫోటో తీసి పెట్టుకోండి. పెప్పర్డ్ కోరీలో ఏ రెండింటి మచ్చలూ అచ్చం ఒకేలా ఉండవు. రేపు గుంపులో కలిసిపోయినా దాన్ని ఆ ఫోటోతో గుర్తుపట్టవచ్చు.